వాలుగకి ఏ ఎర పెట్టాలి? నాలుగు ఆదివారాలైంది, కార్జం గాలానికి నిలవట్లేదు

కాలువగట్టు_శీను
నాలుగు ఆదివారాలుగా బందరు కాలువ మీద కూర్చుంటున్నా. కాలువలకి నీళ్లు వదిలినప్పటి నుంచి వాలుగలు తిరుగుతున్నాయని మా ఊళ్లో అందరూ అంటున్నారు. సాయంత్రం పూట పరిగెల గుంపు మీద పడి నీళ్లు చిమ్మడం నేనూ కళ్లారా చూశా. నా గాలానికి మాత్రం ఒక్కటీ రాలేదు.

ఎర కోడి కార్జం. యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు పిల్లిచేపలకి (వాలుగలాంటి మీసాల చేపలు, క్యాట్‌ఫిష్) అదే పెడుతున్నారు కదా అని మొదలుపెట్టా. విసిరితే సగం గాల్లోనే ఊడిపోతుంది. మిగిలిన సగం పీతలు తినేస్తాయో, తాబేళ్లు లాగేస్తాయో తెలీదు, పది నిమిషాలకి తీసి చూస్తే గాలం ఖాళీ. పోయిన వారం ఒకాయన చెప్పాడని రెండు రోజులు ఎండలో పెట్టి కుళ్లిన పేగులు తీసుకెళ్లా. బండి డిక్కీ ఇప్పటికీ కంపు కొడుతుంది, మా ఆవిడ ఆ బండి ఎక్కనంటుంది. చేప మాత్రం పడలేదు.

తొమ్మిది అడుగుల రాడ్డు, రీలు, 1/0 సైజు గాలం, చిన్న సీసం గుండు. తప్పు ఎక్కడుంది? కార్జం నిలబెట్టే ఉపాయం ఉందా? ఎర కుళ్లాలా, తాజాగా ఉండాలా?

గోదారి_బుల్లోడు
ముందు నీకు ఏ చేప కావాలో తేల్చుకో తమ్ముడూ. వాలుగ వేరు, జెల్ల వేరు, మార్పు వేరు, చెరువుల్లో పెంచే ఫంగస్ (పంగాసియస్ చేప) వేరు. మీసాలున్నవన్నీ ఒకే తిండి తినవు. కార్జం జెల్ల తింటుంది, మార్పు తింటుంది. వాలుగ తినదని అనను, కానీ ఎదురుగా పరిగెలు ఈదుతుంటే నీ కార్జం కోసం ఎందుకొస్తుంది?

మానేరు_మల్లేశ్
బుల్లోడన్న చెప్పింది నిజం. వాలుగ వేటాడి తినే చేప. దానికి బతికున్న చిన్న కప్ప పెట్టు. మా దగ్గర మా నాయన కాలం నుంచీ అదే. గాలం నడుము దగ్గర గుచ్చి, గట్టు పక్కన నీళ్ల మీద కప్ప ఆడుతుంటే వాలుగ కిందనుంచి వచ్చి మింగుతుంది.

పెంచలయ్య_నెల్లూరు
ఏ ఎరా లేకపోతే ఎర్రలు పెట్టబ్బాయ్. అరటి చెట్టు మొదట్లో తవ్వితే గుప్పెడు దొరుకుతాయి. చేప పుట్టినప్పటి నుంచీ ఉన్న ఎర అది.

కాలువగట్టు_శీను
పెంచలయ్య గారూ, మీరు ఎర్రలంటే వానపాములే కదా? మా వైపు రెండు మాటలూ వాడతారు. అవి కూడా పెట్టా. బెండు ఒక్క క్షణం ఆగదు, అన్నీ వేలంత పక్కెలు. కొరుక్కుని కొరుక్కుని పోతాయి. మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ.

పెంచలయ్య_నెల్లూరు
అవును, వానపాములే. పక్కెలు కొరుకుతున్నాయంటే ఒక్కటే గుచ్చి ఉంటావు. ఐదారు కలిపి గుత్తిలా గుచ్చాలి, కొసలు వేలాడాలి. అంత లావు ముద్ద పక్కె నోట్లో పట్టదు, జెల్ల నోట్లో పడుతుంది. బెండు తీసెయ్, సీసం పెంచి అడుగున పెట్టు. జెల్ల అడుగున తిరిగే చేప.

ఫిషరీస్_లక్ష్మి
నేను ఫిషరీస్ చదువుకున్నాను, ఇప్పుడు భీమవరం దగ్గర చెరువుల పనిలో ఉన్నాను. గాలం అలవాటు మా తాతగారి నుంచి వచ్చింది. శీను గారి ప్రశ్నల్లో "కుళ్లాలా, తాజాగా ఉండాలా" అన్నదానికి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు.

మీసాలున్న ఈ చేపలకి పొలుసు ఉండదు. ఒంటి చర్మం మీద కూడా రుచి తెలిసే మొగ్గలు ఉంటాయి, మీసాల మీద ఇంకా దట్టంగా ఉంటాయి. అమెరికాలో ఛానల్ క్యాట్‌ఫిష్ మీద బాగా పరిశోధనలు జరిగాయి. పెద్ద చేపకి ఆ మొగ్గలు లక్ష పైనే. బురద నీటిలో, చీకట్లో కన్ను పనిచేయనిచోట ఒళ్లంతా నాలుకలా పనిచేస్తుందన్నమాట. ఆ నాలుక బాగా పట్టేది అమైనో ఆమ్లాలని, ముఖ్యంగా అలనిన్, ఆర్జినిన్ లాంటివాటిని. అవి తాజా మాంసంలో, నెత్తుటిలో, రొయ్యలో పుష్కలంగా ఉంటాయి, నీటిలో ఇట్టే కరిగి పారుతాయి. మన ముక్కుకి కొట్టే కంపు వేరు, చేపకి తెలిసే రుచి వేరు. మనకి కంపు కొట్టినంత మాత్రాన చేపకి ఎక్కువ రుచి అనుకోకూడదు. పైగా కుళ్లిన పేగు మెత్తబడి గాలానికి నిలవదు.

ఇంకొకటి. తాజా ఎరలో కూడా రసం అరగంటలో కడుక్కుపోతుంది. కాలువలాంటి పారే నీటిలో ఇంకా త్వరగా. ముక్క తెల్లగా పాలిపోయిందంటే ఎర గాలానికి ఉన్నా లేనట్టే. మార్చాలి.

వాలుగ సంగతికొస్తే దాని నోరు చూడండి, చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. నోటినిండా వెనక్కి వంగిన సన్నటి పళ్లు. అది చేపని పట్టి మింగడానికి పుట్టిన నోరు. దానికి రుచితో పాటు నీటిలో కదలిక కావాలి.

డల్లాస్_రమణ
లక్ష్మి గారు చెప్పింది ఇక్కడ టెక్సాస్‌లోనూ అంతే. శీను, నువ్వు చూసిన వీడియోలు ఛానల్ క్యాట్‌ఫిష్‌వి అయ్యుంటాయి. దానికి కార్జం, రొయ్య, జున్ను వాసన వచ్చే ముద్ద ఎరలు, అన్నీ పనిచేస్తాయి. పక్కనే అదే సరస్సులో ఫ్లాట్‌హెడ్ అని ఇంకో పిల్లిచేప ఉంటుంది. అది ఇవేవీ పెద్దగా ముట్టదు, బతికున్న చేపే కావాలి. మీ వాలుగ దాని టైపు. బ్లూ క్యాట్‌ఫిష్‌కి షాడ్ అనే చేపని ముక్కలు కోసి పెడతాం, తల ముక్క అయితే మరీ మంచిది.

నేను కూడా మొదటి ఏడాది కార్జంతోనే ఏడ్చా. ఉపాయం ఇది: కార్జం ముక్కలు కోసి కల్లుప్పు దట్టించి ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టు. నీరు ఊరి గట్టిపడుతుంది. పొద్దున ఆ నీరు వేరే గిన్నెలోకి వంపి పాత మేజోడు గుడ్డలో గానీ, ఉల్లిపాయల సంచి వలలో గానీ చిన్న మూటలా కట్టి గాలానికి గుచ్చు. విసిరేటప్పుడు ఝాడించి విసరకు, ఊయల ఊపినట్టు వదులు.

ఓల్డ్‌సిటీ_అజీమ్
కార్జం కన్నా కందనకాయ మేలు భయ్యా. చికెన్ షాపులో అడిగితే ఇస్తారు. సన్నగా పట్టీలా కోసి రెండుసార్లు గుచ్చు. లాగి విసిరినా ఊడదు. పీత కూడా తెంపలేదు.

కాలువగట్టు_శీను
కందనకాయ ఆలోచన నాకు రాలేదు! రమణ అన్నా, ఉప్పు పెడితే రసం పోదా? లక్ష్మి గారు చెప్పినదాన్నిబట్టి రసమే కదా ముఖ్యం.

డల్లాస్_రమణ
కొంత పోతుంది, నిజమే. కానీ గాలానికి లేని కార్జం కన్నా రసం తగ్గిన కార్జం నయం కదా. ఉప్పు నీళ్లు పారబోయకుండా ఆ గుడ్డ మూటని అందులో ముంచి వేస్తా నేను.

ఫిషరీస్_లక్ష్మి
శీను గారి అనుమానం సరైనదే. గుడ్డ ఎలాగూ కడుతున్నప్పుడు ఉప్పు అవసరం లేదు. రెండూ చేయక్కర్లేదు, ఏదో ఒకటి చాలు.

గోదారి_బుల్లోడు
మీరంతా కార్జం చుట్టూనే తిరుగుతున్నారు. రొయ్య తలకాయల సంగతి ఎవరూ ఎత్తలేదేం? మా వైపు రొయ్యలు ఒలిచే షెడ్ల దగ్గర బకెట్లకి బకెట్లు ఉంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు. ఆ తల పసుపుపచ్చ గుజ్జుతో సహా గాలానికి ఎక్కించి, పైన ఒక చుట్టు సన్న దారం కట్టి అడుగున వేస్తే జెల్లలు వరసకట్టి వస్తాయి. పోయినేడు ధవళేశ్వరం దిగువన ఒక్క రాత్రి పదకొండు పట్టా. ఎర్ర నీరు ఇంకా దిగలేదప్పుడు. అందరూ పులస మీద మోజుతో వలలు సర్దుకుంటుంటే నేను జెల్లల పులుసు తిన్నా.

పెంచలయ్య_నెల్లూరు
రొయ్య తలకాయకి నా ఓటు కూడా. మాకు ఇక్కడ దానికి కొదవే లేదు.

చెరువుసంఘం_యాదగిరి
నేను మా ఊరి మత్స్యకారుల సంఘంలో సభ్యుణ్ణి. మల్లేశ్ తమ్ముడూ, నీకు రెండు మాటలు చెప్తా, కోపం చేసుకోకు. కప్పలు పట్టకు. మా చిన్నప్పుడు వానలు పడితే పొలమంతా కప్పల అరుపులే, రాత్రి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు చెవి పెట్టి వినాలి. పొలంలో పురుగుని తినేది అదే. కప్ప కాళ్లు విదేశాలకి అమ్ముకుంటే పురుగు పెరుగుతుందని తెలిసే కదా మన ప్రభుత్వం 1987లో ఎగుమతి ఆపేసింది. ఒక్క వాలుగ కోసం ఎందుకు?

మానేరు_మల్లేశ్
నేను పట్టేది నాలుగైదు కప్పలు అన్నా. ఊరి కప్పలు నా వల్లనే పోలేదు, పొలాల్లో కొట్టే మందులకి పోయినయి.

చెరువుసంఘం_యాదగిరి
మందులకి పోగా మిగిలినవి కదా నువ్వు పట్టేది. అందుకే చెప్తున్న.

సంధ్య_రేపల్లె
యాదగిరి గారితో నేనూ ఏకీభవిస్తా. అసలు బతికున్నదే కావాలన్న నియమం లేదు. చేతివేలంత పరిగెని అప్పటికప్పుడు పట్టి, వెంటనే చంపి, తోక వైపు ఏటవాలుగా కోసి తల భాగం పెట్టండి. నెత్తురు కారుతుంటుంది, కాలువ వేగానికి ముక్క కదులుతుంటుంది. నేను వాలుగలు పట్టింది చాలావరకు ఇలాగే. బతికున్న చేపని గాలానికి గుచ్చి గంటలు గంటలు తిప్పడం నాకు మనసొప్పదు.

ముఖ్యం ఏంటంటే ఆ కాలువలో చేపే ఆ కాలువలో ఎర కావాలి. అక్కడ వాలుగ రోజూ తినేది అదే. మార్కెట్‌లో ఐసులో మూడు రోజులున్న చేప కొని పెడితే నాకు ఎప్పుడూ రాలేదు.

కాలువగట్టు_శీను
సంధ్య గారూ, పరిగెలు ఎలా పడుతున్నారు? నాకు వల విసరడం రాదు.

సంధ్య_రేపల్లె
చిన్న గాలానికి మైదా ముద్ద, ఆవగింజంత. పావుగంటలో ఐదారు వస్తాయి. లేదా తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూతకి బొటనవేలు పట్టేంత చిల్లు పెట్టి, లోపల తవుడు వేసి, తాడు కట్టి గట్టు పక్కన ముంచితే అవే దూరతాయి. మీ ఎర్రలు తినేస్తున్న పక్కెలు కూడా ఎరే. వాటి మీద విసుక్కోకండి!

కాలువగట్టు_శీను
నాలుగు వారాలుగా నా ఎర్రలు తింటున్నవే నాకు ఎర అన్నమాట. ఇది వినగానే ప్రాణం లేచొచ్చింది.

ఓల్డ్‌సిటీ_అజీమ్
ఇంకొక సంగతి అడుగుతా, ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నేను ఎక్కువగా వెళ్లేది డబ్బులు కట్టి గాలం వేసే చెరువులకి. అక్కడ అన్నీ ఫంగస్‌లే. వాటికి కందనకాయ అంతగా పనిచేయట్లేదు. పక్కవాళ్లు ఏదో ముద్ద పెట్టి గంటకి మూడు లాగుతున్నారు, అడిగితే చెప్పరు.

ఫిషరీస్_లక్ష్మి
అజీమ్ గారూ, ఫంగస్ మన నదుల చేప కాదు, మెకాంగ్ వైపుది. మన చెరువుల్లో అది చిన్నప్పటి నుంచి నీటి మీద తేలే మేత గుళికలు తిని పెరుగుతుంది. దానికి తిండి అంటే ఆ గుళికే. గుళికలు కొంచెం గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెదిపి, గోధుమ పిండి, వేరుశనగ చెక్క పొడి కలిపి గట్టి ముద్ద చేయండి. గుడ్డు తెల్లసొన ఒకటి వేస్తే నీటిలో త్వరగా విడిపోదు. ఎక్కువగా పైనీటిలో, నడినీటిలో తింటుంది, కాబట్టి బెండు కట్టి మూడు నాలుగు అడుగుల లోతులో వేలాడేయండి. అడుగున వేస్తే దొరకదు.

మానేరు_మల్లేశ్
అందులో చిటికెడు ఇంగువ వెయ్యి. మా దగ్గర బొచ్చెకి, రవ్వకి వేసే ముద్దలో ఇంగువ లేనిదే గాలం వెయ్యరు. కొందరు కల్లు మడ్డి కూడా కలుపుతరు.

పెంచలయ్య_నెల్లూరు
ఇంగువ నాకు పనిచేసింది. కల్లు సంగతి తెలియదు.

డల్లాస్_రమణ
కల్లు మడ్డి అంటే ఈస్ట్ పులుపు కదా, ఇక్కడ ముద్ద ఎరలకి జున్ను పులియబెట్టేది కూడా అందుకే అనుకుంటా. వచ్చే వేసవిలో ఊరొచ్చినప్పుడు ప్రయత్నిస్తా.

చెరువుసంఘం_యాదగిరి
శీను, ఇంకో మాట. కుళ్లిన పేగుల గురించి రాసినవు. ఒకరోజు పెట్టుకున్నవు సరే. కానీ కొంతమంది చేపలని పోగు చెయ్యాలని బకెట్ల కొద్దీ కోడి వ్యర్థాలు నీళ్లలో పోస్తున్నరు. దయచేసి ఎవ్వరూ అట్ల చెయ్యొద్దు. మా చెరువులో ఒకసారి ఎవరో రాత్రిపూట మూడు సంచులు పారబోసి పోతే గట్టు పక్కన నీరంతా నల్లబడ్డది. తెల్లారి చేపలు పైకొచ్చి నోరు తెరిచి గాలి పీల్చుడు చూసినం. సంఘంలో ఉన్నోళ్లమంతా మొలలోతు నీళ్లల్ల దిగి ఎత్తినం.

సంధ్య_రేపల్లె
కృష్ణా కాలువల మీద ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎండాకాలం కాలువలు కట్టేసే ముందు ఈ నీళ్లతోనే ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుతారు. మనం పారేసింది మన బిందెలోకే వస్తుంది.

కాలువగట్టు_శీను
ఈ ఆలోచన నాకు లేదు. మిగిలిన పేగులు ఆ రోజు కాలువలోనే విదిల్చి వచ్చా. మా ఊరి చెరువు నిండేదీ ఆ నీళ్లతోనే. ఇంకెప్పుడూ చేయను.

గోదారి_బుల్లోడు
చేపని పోగు చేయాలంటే గుప్పెడు తవుడు, గుప్పెడు రొయ్య పొట్టు మట్టిలో కలిపి నాలుగు ఉండలు చేసి గాలం పక్కన వదిలితే చాలు. బకెట్లు ఎందుకు?

పెంచలయ్య_నెల్లూరు
శీను, జెల్ల పడితే తీసేటప్పుడు జాగ్రత్త. వీపు మీద ఒక ముల్లు, రెండు రెక్కల దగ్గర రెండు. చేప బిగుసుకుంటే అవి నిలబడిపోతాయి. తడిగుడ్డతో తల వెనకనుంచి పట్టుకో. ఇంగిలాయి (అదీ మీసాల చేపే) అయితే అసలు చేత్తో ముట్టుకోవద్దు. దాని రెక్క ముల్లుకి విషం ఉంటుంది.

సంధ్య_రేపల్లె
ఇంగిలాయి నాకు గుచ్చింది. బొటనవేలి మొదట్లో. ఐదు నిమిషాల్లో మోచేతి దాకా మంట పాకింది, కళ్లలో నీళ్లు ఆగలేదు. మా అమ్మమ్మ వెంటనే చేయి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచించింది, చల్లారుతుంటే మళ్లీ వేడివి పోస్తూ. అరగంటకి పైగా అలాగే కూర్చున్నా, మంట సగానికి దిగింది. తర్వాత ఆసుపత్రిలో టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చి, ముల్లు ముక్క లోపల ఉందేమో చూశారు.

ఫిషరీస్_లక్ష్మి
అమ్మమ్మగారు చేసింది సరిగ్గా చేయాల్సిన పని. ఆ విషం వేడికి చెడిపోతుంది. చర్మం కాలేంత వేడి మాత్రం వద్దు. మొద్దుబారిన చేతికి వేడి తెలియదు కాబట్టి బాగున్న చేతితో నీళ్లు చూసుకోవాలి. వాపు పెరుగుతున్నా, ఊపిరి ఇబ్బందైనా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకి వెళ్లాలి.

డల్లాస్_రమణ
గాలం గురించి ఎవరూ చెప్పలేదు. ఎర కదలకుండా పెట్టి ఎదురుచూసే వేటకి సర్కిల్ హుక్ వాడు శీను. కొస లోపలికి తిరిగి ఉంటుంది. చేప మింగి పక్కకి తిరిగి పోతుంటే అదే పెదవి మూలలో పట్టుకుంటుంది. కానీ ఒక్క షరతు: ఝాడించకూడదు. దారం బిగిసేదాకా ఆగి రీలు నెమ్మదిగా తిప్పాలి. మనకి బెండు మునగ్గానే లాగే అలవాటు కదా, అది మానుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది. లాభం ఏంటంటే చేప గొంతులో గాలం దిగదు, వదిలేయాలంటే బతికే వదలొచ్చు.

మానేరు_మల్లేశ్
వదిలేసుడు ఎందుకన్నా? కష్టపడి పట్టింది.

సంధ్య_రేపల్లె
ఇప్పుడు ఆషాఢం. వాలుగ గుడ్డు పెట్టేది ఈ వానల్లోనే. పొట్ట ఉబ్బి ఉన్న ఆడ వాలుగ దొరికితే నేను వదిలేస్తా. మా నాన్నగారి కాలంలో కృష్ణలో మనిషంత వాలుగలు పడేవని చెప్పేవారు. నేను పట్టిన పెద్దది నాలుగు కిలోలు. ఎక్కడికి పోయాయి అవన్నీ?

చెరువుసంఘం_యాదగిరి
సంధ్యమ్మా, ఇక్కడ నీతో కలవలేను. మా చెరువులో వాలుగ ఉంటే మాకు నష్టం. ప్రతి ఏడాది రవ్వ, బొచ్చె పిల్లలు వదులుతం. వేలెడంత పిల్లలు. ఒక్క వాలుగ రాత్రికి ఎన్ని మింగుతదో లెక్కలేదు. మా సంఘంలో ఎనభై కుటుంబాలు ఆ చేప మీద బతుకుతయి. మా చెరువుకి ఎవరైనా అడిగి వచ్చి వాలుగని గాలంతో పట్టుకపోతే మేము సంతోషంగ చాయ్ పోస్తం.

సంధ్య_రేపల్లె
మీ చెరువు సంగతి వేరు, అది మీరు పిల్లలు వదిలి పెంచుకునే చెరువు. అక్కడ తీసేయండి, నేను కాదనను. నది, కాలువ అలా కాదు కదా. అక్కడ వాలుగ దాని ఇంట్లో అది ఉంది.

ఫిషరీస్_లక్ష్మి
ఇద్దరి మాటా నిజమే, చోటు వేరు అంతే. ప్రపంచవ్యాప్తంగా అంతరించే జీవుల జాబితా వేసే ఐయూసీఎన్ వాలుగని ముప్పులో ఉన్న జాతుల్లో (వల్నరబుల్) చేర్చింది. మనిషి పెంచే చేప కాదు కాబట్టి నదిలో తగ్గితే పూడ్చడం కష్టం. యాదగిరి గారూ, మీ చెరువులో దొరికిన చిన్న వాలుగలని బతికుండగానే దగ్గరి వాగులో వదిలే వీలుంటే చూడండి.

ఒక్కటి మాత్రం ఎవరు పట్టినా నీటిలోకి తిరిగి వదలకండి: ఆఫ్రికా మార్పు. మన మార్పులాగే ఉంటుంది, కానీ చాలా లావు పెరుగుతుంది, తల వెడల్పుగా బల్లపరుపుగా ఉంటుంది. కేంద్రం 2000లోనే దాని పెంపకాన్ని నిషేధించింది. వరదకి చెరువుల్లోంచి తప్పించుకుని వాగుల్లో చేరి కనిపించినదల్లా తింటుంది. దానికి కోడి వ్యర్థాలంటే ప్రాణం. బకెట్లు పోసేచోట పోగయ్యేది చాలాసార్లు అదే.

చెరువుసంఘం_యాదగిరి
వాగులో వదులుడు సంగతి సంఘంలో అడుగుత. చిన్నవాటి వరకు ఒప్పుకుంటరేమో.

మానేరు_మల్లేశ్
సంధ్యక్కా, నువ్వు చెప్పిన కోసిన పరిగె ఈ వారం వేసి చూస్త. కప్ప కన్నా మంచిగ పనిచేస్తే కప్ప జోలికి పోను.

కాలువగట్టు_శీను
నిన్న వెళ్లొచ్చా. అందరికీ రాయాలని రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకే గట్టు మీద ఉన్నా. రెండు రాడ్లు. ఒకదానికి పెంచలయ్య గారి పద్ధతి: ఆరు వానపాముల గుత్తి, బెండు లేదు, సీసం పెద్దది, అడుగున. ఇరవై నిమిషాలకోసారి మార్చా. వెలుగు వచ్చేలోపు మూడు జెల్లలు! పెద్దది జానెడు పైన. తడిగుడ్డతో పట్టుకున్నా, ముల్లు గుచ్చుకోలేదు. మా ఆవిడ పులుసు పెట్టింది, బండి కంపు గురించి ఈసారి మాట రాలేదు.

రెండోదానికి సంధ్య గారి పద్ధతి. డబ్బాలో తవుడు వేసి పక్కెలు పట్టా, ఒకదాన్ని కోసి తల ముక్క పెట్టా. తూము దిగువన నీరు సుడి తిరిగే చోట వదిలా. ఆరు గంటలకి దారం మెల్లగా పక్కకి నడవడం మొదలైంది. రమణ అన్న మాట గుర్తొచ్చి లాగలేదు, చేతులు వణుకుతున్నాయి. దారం బిగిసింది, రీలు తిప్పా. అప్పుడు తెలిసింది బరువు. రెండు నిమిషాలు ఉంది. ఒక్కసారి పైకొచ్చి పక్కకి తిరిగింది, వెండిలా మెరిసిన పొడుగాటి పొట్ట, వాలుగే. తర్వాత దారం తెగిపోయింది. తీసి చూస్తే కొస దగ్గర జానెడు మేర గరుకుగా, ఆకురాయితో రాసినట్టు ఉంది.

సంధ్య_రేపల్లె
పళ్లు! నేను చెప్పాల్సిన మాట మరిచిపోయా, నాదే తప్పు. గాలం పైన జానెడున్నర స్టీల్ వైరు కట్టాలి. వైరు లేకపోతే లావు నైలాన్ దారం, నలభై కిలోల బరువుకి ఆగేది. సన్న దారాన్ని వాలుగ పళ్లు రంపంలా కోసేస్తాయి.

గోదారి_బుల్లోడు
తూము దిగువన, సుడి పక్కన, తెల్లవారుజామున. చోటు బాగా పట్టావు తమ్ముడూ. కొట్టుకొచ్చే చిన్నచేప అక్కడ తిరగబడుతుంది, వాలుగ పక్కన నిలకడ నీటిలో కాచుకుని ఉంటుంది. ఆ చోటు వదలకు.

ఓల్డ్‌సిటీ_అజీమ్
లక్ష్మీ మేడమ్, గుళికల ముద్దతో ఆదివారం ఏడు ఫంగస్‌లు పట్టా. పక్కవాళ్లు అడిగితే నేను చెప్పేశా.

కాలువగట్టు_శీను
విజయవాడలో స్టీల్ వైరు దొరుకుతుందా? లేకపోతే బైక్ బ్రేకు కేబుల్ లోపలి తీగ ఒకటి విప్పి వాడొచ్చా?

పెంచలయ్య_నెల్లూరు
బ్రేకు కేబుల్ తీగ బిరుసు, మడత పడితే విరుగుతుంది. గాలాలు అమ్మే కొట్లో అడుగు, మెత్తటి వైరు చుట్ట ఉంటుంది. రెండు కొసలా గట్టిగా మెలిపెట్టి, ఇంటి దగ్గరే తలుపు గొళ్లేనికి తగిలించి లాగి చూసుకుని వెళ్లు.

సంధ్య_రేపల్లె
నా దగ్గర కట్టినవి నాలుగున్నాయి. శనివారం మా తమ్ముడు విజయవాడ వస్తున్నాడు, వాడితో పంపిస్తా. ఎక్కడ ఇవ్వాలో మెసేజ్ పెట్టండి. ఆడ వాలుగ అయితే మాత్రం నా మాట గుర్తుంచుకోండి శీను గారూ.

కాలువగట్టు_శీను
తప్పకుండా అక్కా. పొట్ట చూసే గట్టెక్కిస్తా. మెసేజ్ పెట్టా.